అండమాన్ యాత్ర: చివరి రోజు నుంచి వెనక్కి లెక్క వేయండి

"అయిదు రోజులు సరిపోతాయా?" "ఈత రాదు, డైవింగ్ చేయనిస్తారా?" "ప్యాకేజీ తీసుకోవాలా, మనమే వెళ్లిపోవచ్చా?" దసరా దాటిందంటే ఈ మూడు ప్రశ్నలూ వరుసగా వస్తాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయి, అన్నీ ఒకచోట రాస్తున్నాను. నేను నాలుగుసార్లు వెళ్లాను. అందులో మొదటిసారి చేసిన తప్పులే మీకు ఎక్కువ పనికొస్తాయి.

తొందరలో ఉన్నవారికి ముక్తసరి జవాబులు: అయిదు రోజులు చాలవు, ఏడు రాత్రులు పెట్టుకోండి. ఈత రాకపోయినా మొదటి డైవ్, అంటే సిలిండర్ గాలి పీలుస్తూ నీళ్ల అడుగుకు దిగడం, చేయవచ్చు. ప్యాకేజీ తీసుకోవడం మీ ఇష్టం, కానీ ఏ రోజు ఎక్కడ ఉండాలో మాత్రం మీరే తేల్చుకోండి. ప్యాకేజీ పట్టికల్లో చాలావరకు సముద్రం ఎప్పుడూ మన మాట వింటుందన్న ధీమాతో రాసినవే.

మొదలుపెట్టే ముందు పేర్ల సంగతి. ఒకే చోటికి రెండేసి పేర్లు ఉండడంతో టిక్కెట్లు తీసేటప్పుడు చాలామంది తికమక పడుతున్నారు. 2018 డిసెంబరులో హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌కు షహీద్ ద్వీప్ అని, పోర్ట్‌బ్లెయిర్ ఎదురుగా ఉన్న రాస్ దీవికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పేర్లు మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ కూడా శ్రీ విజయపురం అయింది. అక్కడి జనం నోట ఇంకా పాత పేర్లే నడుస్తున్నాయి కాబట్టి నేనూ అవే వాడతాను. మీ టిక్కెట్టు మీద స్వరాజ్ ద్వీప్ అని ఉంటే కంగారు పడకండి, అది హేవ్‌లాకే.

కావలసినవి

- ఏడు రాత్రులు, ఎనిమిది పగళ్లు. డైవింగ్ కోర్సు చేయాలంటే మరో మూడు రోజులు.
- ప్రతి ఒక్కరికీ ప్రభుత్వ గుర్తింపు కార్డు, పిల్లలకు కూడా. ఫెర్రీ ఎక్కేటప్పుడు అడుగుతారు. భారత పౌరులు పోర్ట్‌బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్ చూడడానికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. విదేశీ పాస్‌పోర్టు ఉన్న అన్నయ్యో వదినో కూడా వస్తుంటే వారికి నిబంధనలు వేరు, విమానం టిక్కెట్లు తీయకముందే అండమాన్ పాలనా యంత్రాంగం వెబ్‌సైటులో చూసుకోండి.
- నగదు. హేవ్‌లాక్, నీల్ దీవుల్లో ఏటీఎంలు చాలా తక్కువ, ఉన్నవాటిలో ఎప్పుడూ డబ్బు ఉంటుందన్న భరోసా లేదు. ఫోనులో చెల్లింపు కుదిరితే మంచిదే, సిగ్నలు లేని రోజున మాత్రం నోటే దిక్కు.
- పొడుగు చేతుల ఈత చొక్కా, మోకాళ్లు దాటే ఈత పంట్లాం. సన్‌స్క్రీన్ రాసిన చర్మం కంటే బట్ట కప్పిన చర్మం తక్కువ కాలుతుంది, పగడాలకూ హాని ఉండదు.
- మెత్తటి అడుగు ఉన్న, తడిస్తే పాడవని చెప్పులు లేదా బూట్లు. వెనక పట్టీ తప్పనిసరి. హవాయి చెప్పులు అలల్లో కొట్టుకుపోతాయి.
- కడుపులో తిప్పకుండా వేసుకునే మాత్రలు, మీరు రోజూ వాడే మందులు పూర్తి రోజులకు సరిపడా.
- తాగునీటికి స్టీలు సీసాలు. ఎందుకో ఏడో మెట్టులో చెబుతాను.

1. నెల ఎంచుకోండి

డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ మధ్య వరకు వెళ్లండి. అందులోనూ నన్నడిగితే ఫిబ్రవరి, మార్చి. సముద్రం నిలకడగా ఉంటుంది, నీళ్లలో దూరం వరకు కనిపిస్తుంది, సంక్రాంతి రద్దీ, కొత్త సంవత్సరం ధరలు రెండూ దిగిపోయి ఉంటాయి. పిల్లల పరీక్షల వల్ల మార్చి కుదరదంటారా, జనవరి మూడో వారం నుంచి చూసుకోండి.

మే మధ్య నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వానలు. గది అద్దెలు బాగా తగ్గుతాయి, పచ్చదనం కళ్లు చెదిరేలా ఉంటుంది. డైవింగ్ కోసమైతే మాత్రం వెళ్లకండి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మొదట్లో బంగాళాఖాతంలో తుపానుల కాలం. 2016 డిసెంబరు మొదటి వారంలో తుపాను వాతావరణం వల్ల హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే, నౌకాదళం ఓడలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. అలా అని ఆ నెలల్లో వెళ్లకూడదని కాదు, వెళ్తే చేతిలో రెండు రోజులు అదనంగా ఉంచుకోండి.

2. తిరుగు విమానం నుంచి వెనక్కి లెక్క వేయండి

మనవాళ్లంతా ఇక్కడే బోల్తా పడతారు. మొదటి రోజు నుంచి మొదలుపెట్టి చూడవలసినవన్నీ వరుసగా పేర్చుకుంటూ పోతారు. చివరికి ఆఖరి ఉదయం నీల్‌లో స్నార్కెలింగ్ (మాస్కు, గొట్టం పెట్టుకుని నీటి పైనే తేలుతూ లోపలికి చూడడం), మధ్యాహ్నం ఫెర్రీ, అదే సాయంత్రం విమానం అని తేలుతుంది. ఆ ఒక్క ఫెర్రీ రద్దయితే విమానం డబ్బులు నీళ్లపాలు.

కాగితం తీసుకోండి. అట్టడుగున తిరుగు విమానం తేదీ, సమయం రాయండి. దాని మీద వరుసగా ఈ మూడు గీతలు గీయండి.

మొదటి గీత: విమానానికి ముందు పూర్తిగా ఒక పగలు, ఒక రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండాలి. చిన్న దీవి నుంచి వచ్చిన రోజే విమానం ఎక్కే పథకం వద్దు.

రెండో గీత: చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు. నేను 24 పెట్టుకుంటాను. లోతులో గాలి పీల్చినప్పుడు ఒంట్లో కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవాలి. అది పోకముందే విమానం ఎక్కితే, పైన ఒత్తిడి తక్కువ కాబట్టి సోడా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా ఏదైనా కావచ్చు. స్నార్కెలింగ్‌కు ఈ నియమం వర్తించదు.

మూడో గీత: మధ్యలో ఎక్కడో ఒక ఖాళీ రోజు. దానికి ఏ పనీ రాయకండి. ఫెర్రీ రద్దయితే ఆ రోజు దానికి పోతుంది. అంతా సవ్యంగా సాగితే ఒడ్డున కొబ్బరిచెట్టు కింద పడుకోవడానికి వాడుకోండి. "ఖాళీ రోజంటే డబ్బు దండగ కదా" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. అదే మనిషి తిరిగొచ్చాక, ఆ ఒక్క రోజే బాగుందని చెప్పడం కూడా విన్నాను.

ఇలా లెక్క వేస్తే వచ్చే పట్టిక సుమారుగా ఇది:

- మొదటి రోజు: పోర్ట్‌బ్లెయిర్ చేరడం, సెల్యులార్ జైలు.
- రెండో రోజు: ఉదయం ఫెర్రీలో హేవ్‌లాక్. సాయంత్రం రాధానగర్ తీరం.
- మూడో రోజు: ఉదయం డైవింగ్. మధ్యాహ్నం నిద్ర.
- నాలుగో రోజు: ఖాళీ.
- అయిదో రోజు: ఉదయం ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్, మధ్యాహ్నం ఫెర్రీలో నీల్.
- ఆరో రోజు: పొద్దున్నే నీల్ తీరాలు, మధ్యాహ్నం ఫెర్రీలో పోర్ట్‌బ్లెయిర్.
- ఏడో రోజు: వండూర్ లేదా చిడియా టాపు.
- ఎనిమిదో రోజు: విమానం.

సరిచూసుకునే పద్ధతి: పట్టికలో ఏదో ఒక ఫెర్రీని వేలితో మూసేయండి. అది ఆ రోజు నడవలేదనుకోండి. మిగతా యాత్ర ఒక రోజు జరిగి నిలబడుతుందా, లేక విమానం దాకా కూలిపోతుందా? ప్రతి ఫెర్రీకీ ఇలా చేయండి. కూలిపోతుంటే ఒక దీవిని తీసేయండి. రోజు పెంచుకోలేనివారికి నా సలహా, నీల్ వదిలేసి హేవ్‌లాక్‌లోనే ఉండిపోవడం.

డిగ్లిపూర్ గురించి కూడా అడుగుతుంటారు. రాస్ (పోర్ట్‌బ్లెయిర్ ఎదురుగా ఉన్నది కాదు, అదే పేరున్న మరో దీవి), స్మిత్ దీవుల మధ్య ఇసుక దారి, కాలిపూర్ తీరంలో తాబేళ్లు, 732 మీటర్ల శాడిల్ పీక్, అన్నీ నిజంగానే చూడదగ్గవి. కానీ అది పోర్ట్‌బ్లెయిర్‌కు ఉత్తరాన దాదాపు 300 కిలోమీటర్లు. ఎనిమిది రోజుల పట్టికలో ఇరికించకండి. దానికి మూడు నాలుగు రోజులు విడిగా కావాలి.

3. విమానం, తర్వాత ఫెర్రీ, ఆ తర్వాతే గది

చాలామంది గది ముందు తీసుకుంటారు, ఫొటో బాగుందని. ఆ తేదీకి ఫెర్రీ దొరకదు. వరుస మార్చండి.

విమానం: హైదరాబాద్, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు నుంచి చూడండి. విశాఖవాసులు చెన్నై మీదుగానో కోల్‌కతా మీదుగానో వెళ్లడం మామూలు. పొద్దున దిగే విమానం అయితే మొదటి రోజు మిగులుతుంది. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది. దాదాపు మూడు రోజుల ప్రయాణం, తేదీలు మారుతుంటాయి. సెలవులు లెక్కపెట్టుకోనక్కర్లేని వారికి అదొక అనుభవమే. నేను ఒకసారి వెళ్లాను. రెండో రోజుకల్లా ఓడంతా పరిచయమైపోయింది, సగం మంది తెలుగువాళ్లే. అండమాన్‌లో స్థిరపడిన మనవాళ్లు తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ తెలుగు మాతృభాషగా ఉన్నవారు దాదాపు 13 శాతం. పోర్ట్‌బ్లెయిర్‌లో దారి తప్పితే ముందు తెలుగులో అడిగి చూడండి, చాలాసార్లు పని జరుగుతుంది.

ఫెర్రీ: ప్రభుత్వ ఫెర్రీలు చవక, నెమ్మది, టిక్కెట్లు దొరకడం కష్టం. ప్రైవేటువి మక్రుజ్, నాటికా, గ్రీన్ ఓషన్ వంటివి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు ఓడను బట్టి గంటన్నర నుంచి రెండున్నర గంటలు. మక్రుజ్ పూర్తిగా మూసి ఉన్న ఏసీ ఓడ. గ్రీన్ ఓషన్‌లో పై అంతస్తుకు వెళ్లి గాలి పీల్చుకోవచ్చు. కడుపులో తిప్పేవారికి ఆ గాలే సగం మందు.

బండి ఊగినా వాంతులయ్యే వారు మీ ఇంట్లో ఉంటే, మాత్ర ఓడ కదిలాక కాదు, అరగంట ముందు వేయించండి. ఆ ఉదయం పూరీలు వద్దు, ఇడ్లీ చాలు. ఓడ మధ్య భాగంలో కింది వరుస సీటు అడగండి, ముందు భాగం ఎక్కువ ఎగిరిపడుతుంది. ఫోను చూడకుండా దూరాన ఆకాశం, సముద్రం కలిసే గీత చూడమనండి.

గది: హేవ్‌లాక్‌లో గోవిందనగర్, విజయనగర్ తీరాల వైపు డైవింగ్ కేంద్రాలు, హోటళ్లు ఎక్కువ. రాధానగర్ దగ్గర గదులు తక్కువ, ఖరీదు ఎక్కువ, రాత్రి భోజనానికి దూరం పోవాలి. డైవింగ్ చేసేవారు కేంద్రానికి నడిచి వెళ్లగల దూరంలో ఉండండి, పొద్దున్నే ఆటో కోసం పరుగులు ఉండవు.

4. మీ గడియారం కాదు, అక్కడి సూర్యుడు

అండమాన్ మనకంటే చాలా తూర్పున ఉన్నా సమయం మనదే. అందుకే డిసెంబరులో సాయంత్రం అయిదింటికే పొద్దు గూకుతుంది. "రాధానగర్ సూర్యాస్తమయం చూద్దాం, టీ తాగి అయిదున్నరకు బయలుదేరుదాం" అనుకుని వెళ్లి చీకట్లో నిలబడ్డ కుటుంబాలు నాకు తెలుసు. మూడున్నరకే అక్కడుండండి. ఉదయం కూడా అంతే, అయిదున్నరకే వెలుతురు వచ్చేస్తుంది. మీ రోజు మొత్తాన్ని ఒక గంటన్నర ముందుకు జరపండి, రాత్రి భోజనంతో సహా.

5. డైవింగ్

ఎక్కువ ప్రశ్నలు దీని మీదే కాబట్టి కొంచెం తీరికగా చెబుతాను.

మీ ముందు రెండు దారులు. ఒకటి, సర్టిఫికెట్ అక్కర్లేని పరిచయ డైవ్. గురువు మీ వెనకే పట్టుకుని ఉంటాడు, గరిష్ఠంగా 12 మీటర్లు, మామూలుగా అంతకంటే తక్కువ లోతులోనే తిప్పుతారు. ఈత రాకపోయినా పరవాలేదు. రెండోది, ఓపెన్ వాటర్ కోర్సు. మూడు నాలుగు రోజులు పడుతుంది, 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి. పూర్తయితే ప్రపంచంలో ఎక్కడైనా 18 మీటర్ల వరకు, తోడు డైవర్‌తో వెళ్లవచ్చు. పదేళ్లు నిండని పిల్లలకు రెండూ కుదరవు. వాళ్లకు స్నార్కెలింగ్ చాలు, నిజానికి ఆ వయసులో అదే ఎక్కువ ఆనందం.

కేంద్రం ఎంచుకునేటప్పుడు ధర కంటే ముందు ఈ ప్రశ్నలు అడగండి: ఒక గురువుకు ఎంతమంది? ఈత రానివారికి ఒక్కరికి ఒక్కరు ఉండాలి. నడుము లోతు నీళ్లలో సాధన ఎంతసేపు? లోపల ఎన్ని నిమిషాలు? ఒడ్డు నుంచి నడిచి వెళ్తామా, పడవలో తీసుకెళ్తారా? పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉందా? చివరి ప్రశ్నకు తడబడితే లేచి వచ్చేయండి.

ఆరోగ్య పత్రం ఇస్తారు. బ్యాంకు ఫారం మీద పెట్టినట్టు చదవకుండానే సంతకం పెట్టేయకండి. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్ వంటివి ఉంటే ఊళ్లోనే మీ డాక్టరును అడిగి కాగితం తెచ్చుకోవాలి. అక్కడికి వెళ్లాక నిజం రాస్తే డైవ్ పోతుంది, అబద్ధం రాస్తే అంతకంటే విలువైనది పోవచ్చు. గర్భిణులు డైవ్ చేయకూడదు. ముందురోజు రాత్రి మద్యం వద్దు.

జలుబు విషయంలో నేను చేసిన పని మీరు చేయకండి. మొదటిసారి వెళ్లినప్పుడు ముక్కు దిబ్బడ వేసి ఉంది. డబ్బు కట్టేశాం కదా అని మాత్ర మింగి దిగాను. మూడు మీటర్లు కూడా దిగలేదు, కుడి చెవిలో సూది పెట్టి తిప్పుతున్నట్టు నొప్పి. పైకి తెచ్చారు. మిగతా నాలుగు రోజులు చెవిలో ఎవరో దూది కుక్కినట్టే ఉంది. మాత్ర ప్రభావం నీళ్లలో ఉండగానే తగ్గితే పైకి వచ్చేటప్పుడు ఇంకా ఇబ్బంది. అందుకే ఆ ఖాళీ రోజు. జలుబు చేస్తే డైవ్‌ను దానికి జరపండి.

ఒడ్డు మీదే చేసుకోగల పరీక్షలు:

- చెవులు: ముక్కు మూసుకుని, నోరు మూసి, మెల్లగా గాలి ఊదండి. రెండు చెవుల్లోనూ టక్‌మని చిన్న శబ్దం రావాలి. ఒక చెవిలోనే వస్తే ఆ రోజు మానేయండి. నీళ్లలో నొప్పి వచ్చాక కాదు, దిగడం మొదలైన క్షణం నుంచీ అడుగడుక్కీ ఇదే చేస్తూ పోవాలి.
- మాస్కు: పట్టీ తలకు వేయకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చి చేతులు వదిలేయండి. అంటుకుని ఉండిపోతే మీ ముఖానికి సరిపోయినట్టు. జారితే వేరేది అడగండి. పట్టీ బిగిస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు, బిగించేకొద్దీ అంచు ముడత పడి ఇంకా కారుతుంది.
- మీసం: మన మగవాళ్లకు ఇదే పెద్ద చిక్కు. వెంట్రుకల సందుల్లోంచి నీళ్లు లోపలికి వస్తాయి. ముక్కు కిందుగా మీసం పై అంచు సన్నటి గీత మేర గీసేసుకుంటే చాలు, మొత్తం తీయనక్కర్లేదు. ఆ పూట ముఖానికి కొబ్బరినూనె రాయకండి. ఆడవారు నుదుటి మీది జుట్టు మాస్కులో పడకుండా వెనక్కి కట్టుకోవాలి, ఒక్క వెంట్రుక చాలు కారడానికి.
- కళ్లద్దాలు: మాస్కులో పట్టవు. పవర్ ఉన్న మాస్కులు కొన్ని కేంద్రాల్లో ఉంటాయి, ముందే నంబరు చెప్పండి.
- సిలిండర్: కోర్సు చేసేవారికి ఇది. గాలి ఒత్తిడి చూపే ముల్లు దాదాపు 200 దగ్గర ఉండాలి. దాన్ని చూస్తూనే నోటి గొట్టంతో నాలుగైదు సార్లు పీల్చండి. ముల్లు కదలకూడదు. ప్రతి పీల్పుకూ ఊగుతుంటే సిలిండర్ పూర్తిగా తెరవలేదన్న మాట. గాలిలో నూనె వాసన వచ్చినా దిగవద్దు.

నీళ్లలో మరిచిపోకూడనిది ఒక్కటే, ఊపిరి బిగపట్టకూడదు. భయం వేస్తే మనం సహజంగా చేసేది అదే. పైకి వచ్చేకొద్దీ ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి అది ప్రమాదం. పీలుస్తూ, వదులుతూ ఉండండి. బుడగల శబ్దం మీ చెవికి వినిపిస్తుంటే మీరు బాగానే ఉన్నట్టు.

ఇక బొటనవేలు సంగతి. గురువు "బాగున్నారా?" అని సైగ చేస్తాడు. మనం ఉత్సాహంగా బొటనవేలు పైకెత్తుతాం. డైవింగ్ భాషలో దానికి అర్థం "పైకి వెళ్దాం" అని. ఆయన బుద్ధిగా పైకి తీసుకొచ్చేస్తాడు. బాగున్నామని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. బాగాలేకపోతే అరచేయి చాపి అటూ ఇటూ ఊపి, తర్వాత సమస్య ఉన్న చోటు చూపాలి. ముందురోజు రాత్రి గదిలో నాలుగుసార్లు సాధన చేయండి.

డైవ్ బాగా జరిగిందని ఎలా తెలుస్తుంది? వీడియో చూసి కాదు. బయటికి వచ్చాక చెవుల్లో నొప్పి, కళ్లు తిరగడం, చర్మం మీద మచ్చలు, కీళ్ల నొప్పి ఏవీ లేకుండా ఆ సాయంత్రం గడవాలి. వీటిలో ఏది ఉన్నా రేపు చూద్దామనుకోకుండా వెంటనే కేంద్రానికి చెప్పండి.

నీళ్లంటేనే భయమా? అద్దం అడుగున్న పడవలున్నాయి. తలకు హెల్మెట్ పెట్టి నడిపించే సముద్రపు నడక కూడా ఉంది, నాకైతే అది సంతలో రంగులరాట్నం ఎక్కినట్టే అనిపించింది.

6. పంచాంగం చూసి తీరానికి వెళ్లండి

నీల్ దీవిలోని సహజ శిలావంతెన దగ్గరికి పాటు సమయంలోనే, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడే, నడిచి వెళ్లగలరు. పోటులో వెళ్తే దూరం నుంచి చూసి తిరిగి రావాలి. పాటులో రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు నిలిచి, వాటిలో సముద్ర దోసకాయలు, చిన్న చేపలు, పీతలు చిక్కుకుని కనిపిస్తాయి. అదే సమయంలో భరత్‌పూర్ తీరంలో ఈత కొడదామని వెళ్తే నీళ్లు చీలమండ దాటవు, కాలికింద పగడాలు. కాబట్టి పాటులో వంతెన, పోటులో ఈత.

మన ఇంట్లో క్యాలెండరు ఇక్కడ పనికొస్తుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు నీరు బాగా వెనక్కి పోతుంది, అంతే బలంగా ముందుకూ వస్తుంది. అష్టమి దరిదాపుల్లో తేడా తక్కువ. రోజురోజుకీ పోటు, పాటు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. ఖచ్చితమైన గంటలు ఆటుపోట్ల పట్టికలో చూసుకోండి, లేదంటే ముందురోజు సాయంత్రం జెట్టీ దగ్గర పడవవాళ్లను అడగండి. అమావాస్య రాత్రుల్లో ఇంకో లాభం, హేవ్‌లాక్‌లో నీళ్లలో చెయ్యి ఆడిస్తే నీలపు మిణుగురు వెలుగు కనిపించే అవకాశం. వెన్నెల ఉంటే అది కనబడదు.

రాధానగర్‌లో ఈత కాపలాదారులు జెండాలు పెడతారు. జెండాల మధ్యే దిగండి. తీరం చివర వాగు కలిసే చోటికి, మడ అడవుల పక్కకు పోవద్దు. అక్కడ ఉప్పునీటి మొసళ్లుంటాయి. 2010లో రాధానగర్ పక్కనున్న నీల్స్ కోవ్ దగ్గర స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. హెచ్చరిక బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగి, అటే నడిచి వెళ్లేవారిని ఇప్పటికీ చూస్తుంటాను.

ఇసుక ఈగలు ఇంకో బాధ. కంటికి ఆనవు, కుట్టినప్పుడు తెలియదు, మర్నాటికి కాళ్లంతా దద్దుర్లు. పొద్దున, సాయంత్రం ఇసుక మీద నేరుగా కూర్చోకండి. కాళ్లకు కొబ్బరినూనె పట్టిస్తే కొంత నయం. గోకారో, వారం రోజులు పుండ్లు. రాళ్లలో నడిచేటప్పుడు ముళ్ల చేప గుచ్చుకుంటే, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంటకు పైగా పాదం ఉంచి ఆసుపత్రికి వెళ్లండి. ఐసు పెట్టకండి.

7. జంతువులు, పక్షులు

ముందు ఒక నిరాశ కలిగించే మాట. ఈత కొట్టే ఏనుగు ఎక్కడ అని ఇంకా అడుగుతున్నారు. హేవ్‌లాక్‌లోని రాజన్ అనే ఆ ఏనుగు 2016లో చనిపోయింది. ఎలిఫెంట్ బీచ్‌లో ఇప్పుడు ఏనుగులుండవు, స్నార్కెలింగ్ చేసేవారుంటారు.

ఏడో రోజుకు వండూర్ పెట్టుకుంటే అక్కడి మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానం చూస్తారు. 1983లో ఏర్పడింది, 15 దీవులు, 281 చదరపు కిలోమీటర్లకు పైగా. పర్యాటకులను జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవుల్లో కాలాన్ని బట్టి ఏదో ఒకదానికే అనుమతిస్తారు, రెండోదానికి విశ్రాంతి. ఇక్కడికి ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు, అందుకే స్టీలు సీసాలు తెచ్చుకోమన్నాను. సోమవారాలు సెలవు. పట్టికలో ఏడో రోజు సోమవారం పడిందేమో ఇప్పుడే చూసుకోండి.

సోమవారమే పడితే చిడియా టాపు. పోర్ట్‌బ్లెయిర్‌కు దక్షిణాన దాదాపు 25 కిలోమీటర్లు. పేరులోనే పక్షి ఉంది కాబట్టి తెల్లవారకముందే వెళ్లండి. పది గంటలకు బస్సులో దిగేవారికి చెట్లే కనిపిస్తాయి. అండమాన్‌లో తప్ప ఇంకెక్కడా లేని పిట్టలు చాలా ఉన్నాయి, బైనాక్యులర్ ఉంటే తెచ్చుకోండి.

డ్యూగాంగ్ ఈ దీవుల రాష్ట్ర జంతువు. సముద్రపు గడ్డి మేసే ఆ ఆవులాంటి ప్రాణి కనిపిస్తుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. తాబేలు కనిపించే అవకాశం మాత్రం డైవింగ్‌లో బాగానే ఉంది. కనిపిస్తే వెంటపడవద్దు. అది పైకి గాలి కోసం వెళ్తుండవచ్చు, దారికి అడ్డం రాకుండా పక్కన ఆగితే ఎక్కువసేపు కనిపిస్తుంది. పగడాన్ని పట్టుకోవద్దు, దాని మీద నిలబడవద్దు. చేపలకు బ్రెడ్డు వేయవద్దు.

బారాటాంగ్ దీవిలోని సున్నపురాయి గుహలు చాలా ప్యాకేజీల్లో ఉంటాయి. రోడ్డు మార్గం జారవా ఆదివాసులుండే అడవిలోంచి పోతుంది. వాహనాలను బారుగా పంపుతారు, ఆపడం, ఫొటో తీయడం, ఏదైనా ఇవ్వడం నేరం, జైలు శిక్ష ఉంటుంది. చట్టం అలా ఉన్నా కిటికీలకు ముఖాలు ఆనించి అడవిలోకి వెతికే కళ్లను ఒకసారి చూశాక, నేను ఆ దారిన మళ్లీ వెళ్లలేదు. గుహలు చూడాలని గట్టిగా ఉంటే సముద్ర మార్గంలో వెళ్లే పడవ ఉందేమో కనుక్కోండి.

8. తిరిగి సర్దుకోవడం

గవ్వలు, శంఖాలు, చచ్చిన పగడపు ముక్కలు ఏవీ తేకూడదు. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, విమానాశ్రయంలో సంచులు తనిఖీ చేస్తారు. దుకాణంలో కొన్న వస్తువైతే అనుమతి ఉన్న దుకాణం రసీదు దగ్గర ఉంచుకోండి. పిల్లల జేబులు, ఇసుక బకెట్లు తీరంలోనే ఖాళీ చేయించండి, విమానాశ్రయం దాకా ఆగకండి.

మా అక్క కొడుకు ఒకసారి నీల్‌లో అందమైన శంఖం ఒకటి ఎవరికీ చెప్పకుండా గదికి తెచ్చి స్నానాల గదిలో మగ్గు కింద దాచాడు. రాత్రి రెండింటికి లోపల టకటక చప్పుడు. దీపం వేసి చూస్తే మగ్గు ఒరిగి పడి ఉంది, శంఖం గచ్చు మీద నడుస్తోంది, కింద ఆరు కాళ్లు. అందులో కాపురమున్న పీత తలుపు కింది సందు దాకా వచ్చి, దారి దొరక్క అటూ ఇటూ తచ్చాడుతోంది. వాడు దాన్ని అదే మగ్గులో పెట్టుకుని, మా బావ టార్చి పట్టుకోగా, ఆ రాత్రే సీతాపూర్ తీరానికి వెళ్లి నీటి అంచున దింపి వచ్చాడు. అది కదిలిపోయేదాకా ఇరవై నిమిషాలు అక్కడే కూర్చున్నారట.